నీళ్ళిచ్చిన నోరు

నమోదు 1. పౌర్ణమి మర్నాడు

ఈ కరెంటు పలకలో, ఏదైనా జరిగిన రోజున, నాలుగు ముక్కలు రాయాలని సముద్రం అవతల గట్టు మీది అంచనాల ఆఫీసు నియమం. ఎవరైనా చదువుతారా అని అడిగితే, "ఇంతవరకూ ఎవరూ చదవలేదమ్మా" అన్నారు ఆనందరావు గారు. నాకు రేడియోలో పని నేర్పిన ఆఫీసరు ఆయన. ఎవరూ చదవనప్పుడు అబద్ధం రాయడం దండగ కాబట్టి నిజమే రాస్తాను.

నా పేరు ఓలేటి దమయంతి. గవ్వలంకకి ఈ ఏడు నుంచి నేనే లెక్కమనిషిని. ఎన్నికలకి ముందు ఇంటింటికీ పోయి పలకలో ఉన్న ప్రశ్న అడగాలి, చెప్పిన జవాబు నొక్కి గట్టుకి పంపాలి. అక్కడున్న యంత్రం వాటన్నిటినీ అరిగించుకుని ఎవరు గెలుస్తారో చెబుతుంది. దాన్ని మావాళ్ళు లెక్కలమ్మ అంటారు. ఉన్న ప్రెసిడెంటుకి నూటికి డెబ్బై అయిదు దాటిందని లెక్కలమ్మ అంటే ఇక ఓటుపడవ రాదు. అంత దూరం పడవ నడపడం ఎందుకు, తెలిసిన జవాబే కదా అని గట్టువాళ్ళ లెక్క. ఓటుపడవ మా రేవులో ఆగి మూడు ఎన్నికలైంది. అది చివరిసారి వచ్చినప్పుడు నాకు ఇంకా ఓటు రాలేదు.

ప్రెసిడెంటు మా మేనమామ సంగాడి పోతురాజు. ఈ పని నాకు ఇప్పించిందీ ఆయనే.

పొద్దున్నే కరెంటిచ్చే ఎండపలకల మీద పేరుకున్న ఉప్పు తుడిచి, అమ్మకి బిందె దింపి బయల్దేరాను. గవ్వలంకలో గుమ్మంలోకి వచ్చిన మనిషికి ముందు గుక్కెడు నీళ్ళివ్వాలి. మా చుట్టూ ఉన్నదంతా ఉప్పునీరే. మంచినీళ్ళు ఉప్పు తీసే మిషను ఇస్తేనే వస్తాయి, అవీ ఇంటికి ఇన్నని కొలిచి పోస్తారు. అందులోంచి గుక్కెడు తీసి పరాయివాడి చేతికిస్తున్నామంటే అంతకు మించిన మర్యాద లేదు. ఆ మర్యాదకి ఒక ముడి ఉంది. నీళ్ళిచ్చిన నోరు గాని తాగిన నోరు గాని కాదనకూడదు. వచ్చినవాడు మెట్టు దిగేదాకా ఏం అడిగినా సరే అనాలి. వల అడిగితే సరే, పిల్లనడిగితే సరే. కుదరదన్న కబురు తర్వాత పక్కింటివాళ్ళ చేత పంపుకోవచ్చు. ఇది మా ముత్తాతల కాలం నుంచీ ఉంది, దీనివల్ల మా లంకలో ఇంతవరకూ కత్తి దూసినవాడు లేడు.

"ప్రస్తుత అధ్యక్షులు కొనసాగాలని మీరు కోరుకుంటున్నారా?" అని పలక గట్టు భాషలో అడుగుతుంది. అందరూ "ఆయ్, సరేనండి" అన్నారు. పలకని కూడా అండి అన్నారు. పెంటయ్య తాతయితే ప్రశ్న సగంలో ఉండగానే సరేనన్నాడు.

"మొత్తం విను తాతా," అన్నాను.

"ఇనేదేముందే. నువ్వడిగావు, నేను సరేనన్నాను. ఇంకో గుక్క తాగుతావా?"

సాయంత్రానికి నడుస్తుంటే నా కడుపులో నీళ్ళ చప్పుడు నాకే వినిపించింది.

నమోదు 2. తదియ

ఇళ్ళన్నీ అయ్యాయి. నూటికి తొంభై ఏడు అని పలక చెప్పింది. కబురు నాకంటే ముందే రేవుకి చేరినట్టుంది, మావయ్య ఎండు వంజరం ముక్కలు ఆకులో చుట్టుకుని వచ్చాడు. అమ్మ నీళ్ళిచ్చింది. తాగి, మీసం తుడుచుకుని కూర్చున్నాడు.

"తొంభై ఏడంట. మరి ఆ మూడూ ఎవరే కోడలా?"

"వేటకెళ్ళి ఇంట్లో లేనివాళ్ళు మావయ్యా."

"అదీ. ఎవరా అని పొద్దున్నుంచీ ఆలోచిత్తన్నాను."

ఆయన ముఖంలో నిజంగానే బరువు దిగింది. మావయ్య చెడ్డవాడు కాదు. పెద్ద ఉప్పెన వచ్చిన ఏడాది అడ్డుకట్ట రాళ్ళు తన భుజం మీద మోసినవాడు. జనం తనని ప్రేమిస్తున్నారని నమ్ముతాడు, ఎందుకు నమ్మడు, ఏ ఇంటికి వెళ్ళినా సరేననే కదా అంటున్నారు.

నమోదు 3. చవితి

నీళ్ళమిషను దగ్గర వరుసలో కాసులమ్మ నా వెనక నిలబడింది. నాచు ఆరబెట్టే పాకలన్నీ ఆవిడ అజమాయిషీలోనే నడుస్తాయి. ఈసారి మావయ్య మీద నిలబడిందీ ఆవిడే. గొంతు తగ్గించడం ఆవిడకి చేతకాదు.

"మీ మావయ్యకి తొంభై ఏడు వచ్చిందంట గదా?"

"ఆయ్."

"నేనూ తిరిగాను అమ్మాయ్, నీకంటే ముందే. నువ్వెక్కిన ప్రతి మెట్టూ నేనూ ఎక్కాను. నాకూ ప్రతి ఇంట్లో సరేననే అన్నారు. నీ లెక్క నిజమైతే నాదీ నిజమే."

నవ్వబోయి ఆగిపోయాను. ఆవిడ నవ్వడం లేదు. పెద్ద మిషను వైపు చూస్తోంది.

మాకు మిషన్లు రెండు. చిన్నది రోజు విడిచి రోజు మొరాయిస్తుంది. పెద్దదే మమ్మల్ని బతికిస్తోంది. దాన్ని విప్పి మా పక్కనున్న నడిమిలంకకి ఇచ్చేస్తే, అక్కడి నుంచి సముద్రం అడుగున పైపు వేసి మాకు ఎన్ని నీళ్ళంటే అన్ని ఇస్తామని వాళ్ళు కబురు పెట్టారు. అక్కడ మెకానిక్కులున్నారు, సామాన్లున్నాయి, ఇక కొలత నీళ్ళు ఉండవు అని మావయ్య మురిసిపోతున్నాడు. ఎన్నికలవగానే వచ్చే పౌర్ణమికి ఒప్పందం మీద ప్రెసిడెంటు వేలిముద్ర పడాలి.

"పైపుకి ఆ చివర మూత వాళ్ళ చేతిలో ఉంటాది," అంది కాసులమ్మ. "రేపు వాళ్ళతో చేపల కాడ గొడవొచ్చిందనుకో, మూత తిప్పేత్తారు. అప్పుడు గుమ్మంలోకి వచ్చినోడికి ఏం పోత్తావు, ఉప్పునీళ్ళా? ఇది ఇక్కడ అందరికీ తెలుసు. తెలిసి కూడా నోరిప్పరు. మొగమాటానికి పోతే కడుపొచ్చిందంట, అలాగుంది మన లంక సంగతి."

"ఓటప్పుడు చెప్తారు కదా పిన్నీ."

"ఓటుపడవ ఎక్కడొత్తాది? నీ తొంభై ఏడు చూసి రానే రాదు."

బిందె నిండింది. భుజానికెత్తుకున్నాను గాని ఇంటిదాకా అది నాకు గుర్తు లేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మా ఊరి నోరు మరీ మంచిదై కూర్చుంది, ఆ మంచితనాన్ని మూటగట్టి గట్టుకి పంపబోతున్నది నేను. భయం వేసింది. ఆ వెంటనే కోపం వచ్చింది. లెక్క అమావాస్యకి మూస్తారు. అప్పటిదాకా ఎన్నిసార్లయినా మళ్ళీ అడగొచ్చు. అడుగుతాను.

నమోదు 4. సప్తమి

మొదటి ఎత్తు: నీళ్ళు పుచ్చుకోకుండా మెట్టు కిందనే నిలబడి అడగడం. నీళ్ళు లేకపోతే ముడీ లేదు, నిజం చెప్పొచ్చు.

నాలుగిళ్ళు కూడా దాటలేదు. మూడో ఇంటి ఆవిడ గిన్నె పట్టుకుని నా వెనకే వీధిలోకి వచ్చి ఏడ్చింది. "మా నీళ్ళకి ఏం తక్కువొచ్చిందే దమయంతీ? మీ అమ్మ నేనూ ఒక పడవలో పెరిగాం." తాగకుండా ఎలా ఉండను. తాగాను. సరేనంది.

రెండో ఎత్తు: చీటీలు. ఇంటింటికీ ఒక చీటీ ఇచ్చి, అవునో కాదో గుర్తు పెట్టి మడిచి డబ్బాలో వెయ్యమన్నాను, నేను చూడనన్నాను. ఒక్కరూ మడవలేదు. అందరూ నాకు చూపించి మరీ వేశారు. "చూడమ్మా, మీ మావయ్యకే. సరిగ్గా పడిందా?" ఒకాయనకి చత్వారం, గుర్తు 'కాదు' వైపు పడింది. చూసి నాలిక్కరుచుకుని, నా చేత కొట్టివేయించి, మళ్ళీ పెట్టాడు.

లెక్క నూటికి తొంభై ఎనిమిదికి పెరిగింది. పెంచింది నేనే. అమ్మకి చెబితే అన్నం వడ్డిస్తూ ఒక్కటే మాటంది. "నీది ఉడుంపట్టు. మీ నాన్నదీ అంతే."

అది మెచ్చుకోలో తిట్టో అడగలేదు.

నమోదు 5. అష్టమి

దారి దొరికింది. మా ఇంట్లోనే, అంట్లు తోముతుంటే దొరికింది.

నిన్న పెంటయ్య తాత మా పడవ రెండు రోజులు కావాలని వచ్చి అడిగాడు. మా అమ్మ వరహాలమ్మ నీళ్ళిచ్చి సరేనంది. ఇవాళ నన్ను పిలిచి, "మన పడవకి అడుగు కారుతోంది, ఇవ్వడం కుదరదని తాతతో చెప్పమని సూరీడమ్మకి చెప్పు," అంది. సూరీడమ్మ మా పక్కిల్లు. వెళ్ళి చెప్పాను. ఆవిడ కొంగు నడుముకి దోపుకుని తాత ఇంటికి ఎంత హుషారుగా వెళ్ళిందో చెప్పలేను. నీళ్ళు తాగి, "వరహాలమ్మ పడవ ఇవ్వదంట" అని గట్టిగా చెప్పి వచ్చింది. తాత ఏమీ అనుకోలేదు. ఎందుకనుకుంటాడు, అది సూరీడమ్మ మాట కాదు కదా. ఎదుటి మనిషి తనని ఏదైనా అడిగితే కదా కాదనకూడదు. పక్కింటివాళ్ళ కాదుని మోసుకురావడానికి ఎవరికీ అడ్డులేదు.

బూడిద చేతులతోనే రేడియో దగ్గరకి పరిగెత్తాను. నేనింత తెలివితక్కువదాన్ని ఎలా అయ్యానో తెలియదు.

"సార్, ప్రశ్న మార్చొచ్చా?" అన్నాను ఆనందరావు గారితో.

"కుదరదమ్మా. ప్రశ్న పైనుంచి వస్తుంది."

"ఇంకోటి కలపొచ్చా?"

ఆయన కాసేపు కాగితాలు తిరగేసిన చప్పుడైంది. "కలపొచ్చు. స్థానిక ప్రశ్న అని ఒకటుంది. ఎవరూ వాడరు. మొదటి ప్రశ్నకీ దానికీ బాగా తేడా వస్తే లెక్కలమ్మ అనుమానం పడుతుంది. అనుమానం పడితే పడవ పంపాల్సిందే. ఇంతకీ ఏం అడుగుతావు?"

"మీ పక్కింటివాళ్ళు ఎవరికి వేస్తారు అని అడుగుతాను."

"అది అడిగితే ఎవరు చెబుతారమ్మా?"

"మీరెప్పుడైనా మా లంకకి వచ్చారా సార్?" అన్నాను.

నమోదు 6. దశమి

చెప్పారు. చెప్పడమా అది, అడ్డుకట్ట తెగినట్టు చెప్పారు.

మొదటి ఇంట్లో నీళ్ళిచ్చి, "మావరకూ మీ మావయ్యకేనమ్మా, అందులో మాటలేదు," అంది ఆ ఇంటావిడ. తర్వాత పీట లాగింది. "పక్కోళ్ళా? ఆళ్ళు చచ్చినా ఎయ్యరు. మిషను పోతాదని మొన్న ఆయన అన్నం కూడా తిన్లేదు." పక్కింటికి వెళ్ళాను. ఆయన నీళ్ళిచ్చి, మావయ్యకేనని చెప్పి, "నువ్విప్పుడు లేచొచ్చిన ఆ ఇల్లు మాత్రం కాసులమ్మదే" అన్నాడు. అలా ఒకరినొకరు అప్పగించుకుంటూ వీధి చివరిదాకా వచ్చారు. ప్రతి ఇల్లూ తన నోటితో మావయ్యది, పక్కింటి నోటితో కాసులమ్మది. అందరూ కాదు. రేవు పక్క వీధంతా నిజంగానే మావయ్య మనుషులు, వాళ్ళ పక్కిళ్ళూ అదే చెప్పాయి. అది విని నాకు సంతోషమే వేసింది, లెక్క లెక్కలా ఉందని.

మా వీధికొచ్చాక సూరీడమ్మ ఇంట్లో కూర్చున్నాను. నీళ్ళు తాగి అడిగేశాను, పక్కిల్లంటే మాదేనని నోరు జారాకే గుర్తొచ్చింది.

"మీ అమ్మా? మీ అమ్మ అన్నకి ఎయ్యదు," అంది సూరీడమ్మ, చింతపండు గింజలు తీస్తూ. "పెద్ద మిషను పోయిన్నాడు ఈ లంక మీద పొయ్యి ఎలిగించనని నాతోనే అంది. నీకు చెప్పలేదా?"

నాకు చెప్పలేదు. ఇంటికొస్తే అమ్మ మామూలుగా వల బాగుచేసుకుంటోంది. పలకలో మా ఇంటి గడిలో సూరీడమ్మ చెప్పిందే నొక్కాను. ఒక్క ఇంట్లో ఉండి, ఒక్క కంచుకుండలో నీళ్ళు తాగుతూ ఇన్నాళ్ళూ నేను మా అమ్మని ఈ సంగతి అడగనే లేదు, ఆవిడా చెప్పనే లేదు.

మొత్తం మీద మొదటి ప్రశ్నకి మావయ్యకి తొంభై ఎనిమిది. రెండో ప్రశ్నకి నలభై.

నమోదు 7. చతుర్దశి

మావయ్య వచ్చాడు. మెట్ల మీద ఆయన అడుగు చప్పుడులోనే తెలిసింది.

ఎప్పటిలా అరుగు మీద కూర్చుని, నీళ్ళ కోసం చెయ్యి చాచాడు. అమ్మ కుండ దగ్గర నిలబడింది. మూత తియ్యలేదు.

చెయ్యి అలాగే ఉంది. మావయ్య దాన్ని చూసుకున్నాడు, అమ్మని చూశాడు.

"వరహాలూ, నీళ్ళు."

"ముందు మాటాడు అన్నయ్యా. నీళ్ళు తరవాత."

నా జన్మలో మా గుమ్మంలో ఎవరికీ నీళ్ళు ఇవ్వకుండా ఉండటం నేను చూడలేదు. వీధిలో పోతున్న మనిషి ఆగిపోయి మళ్ళీ నడిచాడు. మావయ్య చెవులు ఎర్రబడ్డాయి. అమ్మ ఎందుకలా చేసిందో నాకు ఒక్క క్షణం ఆలస్యంగా అర్థమైంది. ఆ గుక్క పడితే ఆయన అడుగుతాడు, నేను సరేననాలి. మా అమ్మ తన అన్నని దాహంతో కూర్చోబెట్టి నా నోరు విప్పింది.

"ఇంటింటికీ పోయి చాడీలు పోగేత్తన్నావంట," అన్నాడు నాతో. "నీకీ పని ఇప్పించింది ఇందుకేనా?"

"పనిప్పించింది నువ్వే మావయ్యా. పని చేస్తున్నాను."

"ఆ రెండో లెక్క పంపకు."

"పంపుతాను."

"మిషను నాకోసం ఇత్తన్నాననుకుంటన్నారా? ఆడోళ్ళు వరుసలో నిలబడి నిలబడి కాళ్ళు వాచిపోతన్నాయని కదా. ఇష్టం లేపోతే ఒక్కడన్నా నా మొగం మీద చెప్పాలి కదా."

"ఎలా చెబుతారు? నువ్వు వెళ్ళిన ప్రతిచోటా నీళ్ళు తాగుతావు."

ఆయన లేచి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. అమ్మ అప్పుడు కుండ మూత తీసి, గిన్నె ముంచి, తనే తాగింది.

"పంపెయ్యి," అంది.

పంపేశాను. ఈ మాట రాస్తున్నప్పుడు పలక చెబుతోంది: "సమాచారం స్వీకరించబడినది. ధన్యవాదములు."

నమోదు 8. కొత్త పక్షం, విదియ

లెక్కలమ్మకి అనుమానం వచ్చింది. ఓటుపడవ పంచమికి వస్తుందట. ఆనందరావు గారే వస్తున్నారు. మా లంక వాళ్ళు రెండు ప్రశ్నలకి రెండు జవాబులు చెప్పడం చూసి లెక్కలమ్మ మూడుసార్లు మళ్ళీ లెక్క కట్టుకుందని చెప్పి నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. ఇంకో బెంగ పట్టుకుంది. పడవలో ముగ్గురు గట్టు మనుషులు వస్తారు. మా రేవులో దిగుతారు. దిగిన మరుక్షణం లంకంతా గిన్నెలు పట్టుకుని నిలబడుతుంది. ఓటు మిషను పక్కన కూర్చున్న ఆఫీసరు మా నీళ్ళు తాగి, ప్రెసిడెంటు గుర్తు మీటకి ఎదురుగా మా వాళ్ళని నిలబెడితే, అది ఎంత చాటుగా ఉన్నా, అడిగింది నీళ్ళు తాగిన అతిథే కదా. ఉన్న ప్రెసిడెంటుని ఉంచమని అడిగినట్టే లెక్కేసుకుని సరేననే నొక్కుతారు. మా వాళ్ళని నాకంటే ఎవరు ఎరుగుదురు.

"సార్, ఓట్లయ్యేదాకా మా నీళ్ళు ముట్టొద్దు," అన్నాను రేడియోలో.

"సరేనమ్మా, మావి మేం తెచ్చుకుంటాం."

నమోదు 9. పంచమి

తెచ్చుకున్నవి దారిలోనే అయిపోయాయి. ఎదురుగాలికి పడవ ఆలస్యమైంది. ఎండ నెత్తి మీదకి వచ్చే వేళకి రేవులో దిగారు, పెదాలు తెల్లబడి. ఒడ్డున నూరు గిన్నెలు.

"ఒక్క గుక్క తాగితే ఏమవుతుందమ్మా?" అన్నారు ఆనందరావు గారు, పాపం, నెమ్మదిగా.

"వచ్చిన దూరమంతా వృథా అవుతుంది సార్."

ఆయన నా ముఖం చూసి, టోపీ తీసి మళ్ళీ పెట్టుకుని, ఓటు మిషను పక్కన కూర్చున్నారు. మిగతా ఇద్దరూ కూర్చున్నారు. నేనే గట్టిగా చెప్పాను, ఆఖరి ఓటు పడేదాకా వీళ్ళకి ఎవరూ నీళ్ళివ్వకూడదని. మా వాళ్ళు నన్ను చూసిన చూపు నేను మర్చిపోను. సూరీడమ్మ నన్ను రాక్షసి అంది. అతిథి గొంతెండి కూర్చుంటే కళ్ళతో చూడటం వాళ్ళకి చేతకాదు. నాకు మాత్రం చేతనవునా? కాని నిలబడ్డాను, పడవకీ గిన్నెలకీ మధ్య.

నేను అనుకోనిది అప్పుడు జరిగింది. పెంటయ్య తాత గిన్నె కింద పెట్టి, "అయితే తొందరగా కానిత్తే సరి," అని వరుసలోకి వచ్చాడు. వెనకే అందరూ. వేటకెళ్ళినవాళ్ళని తెల్లజెండా ఊపి వెనక్కి పిలిచారు. పొయ్యి మీద కూర దింపి వచ్చారు. మంచం మీదున్న ముసలమ్మని మంచంతోనే తెచ్చారు. ఎవరి కోసం ఎవరూ ఆగలేదు, ఎవరు ఎవరికని అడగలేదు. తెర వెనక్కి వెళ్ళడం, నొక్కడం, ఆఫీసరు పెదాల వైపు జాలిగా చూసి బయటికి రావడం. ఎండ వాలకముందే లంకంతా అయిపోయింది. నేనూ నొక్కాను. మీట అంత తేలిగ్గా దిగుతుందని అనుకోలేదు.

మిగిలింది మావయ్య ఒక్కడే. అందరి చూపూ ఆయన ఇంటివైపే. ఉతికిన పంచె కట్టుకుని, తొందర లేకుండా వచ్చాడు, చేతిలో మూతపెట్టిన గిన్నెతో. గిన్నె నా చేతికిచ్చి తెర వెనక్కి వెళ్ళాడు. వచ్చి, గిన్నె తీసుకుని, మూత తీసి ఆనందరావు గారి చేతికి ఇచ్చాడు.

"తాగండి బాబూ. మా పిల్ల మిమ్మల్ని చాలా ఇబ్బంది పెట్టింది."

ఆయన తాగుతుంటే ఒడ్డంతా ఊపిరి పీల్చుకుంది.

లెక్క అక్కడే తేలింది. కాసులమ్మకి నూట తొంభై మూడు. మావయ్యకి నూట పద్దెనిమిది. ఎవరూ అరవలేదు. కాసులమ్మ కూడా గొంతు తగ్గించడం నేర్చుకున్నట్టు నిలబడింది. మావయ్య ఆ అంకె రెండుసార్లు చదివించుకుని ఇంటికెళ్ళిపోయాడు.

నమోదు 10. షష్ఠి

లెక్కమనిషి పని నిన్నటితో అయిపోయింది. ఈ నమోదు అక్కర్లేదు. అయినా రాస్తున్నాను.

పొద్దు బాగా ఎక్కాక మావయ్య మా మెట్లెక్కాడు. అరుగు మీద కూర్చోలేదు, గుమ్మం పక్కన నిలబడ్డాడు. అమ్మ కుండ దగ్గరికి పరుగెత్తినట్టే వెళ్ళింది. గుక్క కాదు, గిన్నె నిండా పోసి రెండు చేతులతో నాకిచ్చి, ఆయనకి ఇమ్మంది. ఇచ్చాను. సగం తాగాడు.

"ఆ నూట పద్దెనిమిది మందీ ఎవరో చూసి దండం పెట్టుకుందామని పొద్దున్నుంచీ తిరుగుతన్నాను," అన్నాడు. "ఇప్పటికి రెండొందల మంది తేలారు. ఇంకా మీ వీధి మిగిలే ఉంది."

నవ్వబోయాడు. రాలేదు. ఆయన కళ్ళ కింద చర్మం సంచిలా వేలాడటం ఇవాళే చూశాను. ఇష్టమైన మనిషి ఓడిపోతే ఇంత నొప్పి ఉంటుందని, ఆ ఓటమిలో మన చెయ్యి ఉంటే ఇంకా ఉంటుందని నాకు తెలియదు. చేసిన పనికి మాత్రం బాధ లేదు. పెద్ద మిషను చప్పుడు మా ఇంటిదాకా వినిపిస్తోంది.

"కోడలా," అన్నాడు. "నువ్వూ నాకే ఏశావు కదే?"

నీళ్ళిచ్చిన నోరు నాది. తాగిన నోరు ఆయనది. సరే అనడానికి నాలిక దానంతట అదే మడత పడింది. కావాలంటే రేపు సూరీడమ్మ చెప్పేది. ఆవిడ బాగానే చెబుతుంది, కొంగు దోపుకుని మరీ చెబుతుంది. కాని ఆయన అడిగింది సూరీడమ్మని కాదు.

"లేదు మావయ్యా," అన్నాను. "వెయ్యలేదు."

అమ్మ చేతిలో కుండ మూత అలాగే ఉండిపోయింది. పక్కింట్లో సూరీడమ్మ రోలు చప్పుడు ఆగింది.

మావయ్య గిన్నెలోకి చూశాడు. మిగిలిన సగం నీళ్ళూ నిదానంగా తాగాడు. తర్వాత గుమ్మం వదిలి అరుగు మీదకి వచ్చి, ఎప్పుడూ కూర్చునే చోట కూర్చుని, గిన్నె అమ్మకి చాచాడు.

"ఇంకో గుక్క పొయ్యి వరహాలూ," అన్నాడు. నా వైపు తిరిగాడు. "ఇప్పుడు చెప్పు. ఎందుకెయ్యలేదు?"

పక్కన కూర్చుని చెప్పాను.